పాటలు వింటే టెన్షన్ తగ్గుతుందా? తగ్గుతుంది, కానీ పాడితే ఇంకా తగ్గుతుంది

“పాటలు వింటే దిగులు, టెన్షన్ నిజంగా తగ్గుతాయా? ఎలాంటివి వినాలి?” అని అడిగారు. తగ్గుతాయి. కానీ ఎంత అధ్వానంగానైనా సరే, మనమే పాడితేనో వాయిస్తేనో వచ్చే ఊరట వేరు. ఈ విషయంలో నాతో వాదించి లాభం లేదు.

ఉద్యోగంలో బాగా నలిగిపోతున్న రోజుల్లో, రాత్రి నడుం వాల్చగానే నాకు గుండె దడ మొదలయ్యేది. డాక్టర్ ఇచ్చిన మాత్రలు వాడుతూనే ఒక వెదురు ఫ్లూట్ పట్టుకున్నాను. మొదట్లో గాలి తప్ప స్వరం రాలేదు. కింది పెదవిని రంధ్రం అంచుకు ఎక్కడ ఆనించాలో తెలియక, ఊది ఊది కళ్లు తిరిగేవి. ఒక రాత్రి దడ మరీ ఎక్కువైంది. కూర్చోలేను, పడుకోలేను. ఫ్లూట్ తీసి ‘స’ ఒక్కటే పట్టాను. గజగజ వణికింది. వణుకుతున్నది నా ఊపిరేనని చెవికి తెలిసిపోతోంది. దాన్ని నిలబెట్టాలన్న పంతంతో ప్రతి ఊపిరినీ చివరిదాకా సాగదీశాను. స్వరం సాఫీ అయ్యేసరికి దడ కూడా సర్దుకుంది. మర్నాడు పక్కింటావిడ “రాత్రి మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం వచ్చిందాండీ?” అని అడిగింది, అది వేరే సంగతి.

ఇందులో మాయేం లేదు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నరం పని. పాటలోనూ అంతే, పీల్చడం చిటికెలో, వదలడం నిదానంగా. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు బృందగానం చేసేవాళ్లను పరిశీలిస్తే, కలిసి పాడుతున్నప్పుడు వాళ్ల గుండె వేగాలు ఒకదానితో ఒకటి కలిసి పెరిగి తగ్గాయి. నాకైతే శ్వాస మీద ధ్యాస పెట్టమంటే కంగారు ఇంకా పెరిగేది. పాటలో పడితే ఆ ధ్యాస అడక్కుండానే వస్తుంది.

ఇక వినడం. బాధలో ఉన్నవాళ్లను హుషారు పాటలు పెట్టుకోమనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మ్యూజిక్ థెరపీ, అంటే సంగీతంతో చికిత్స చేసేవాళ్లలో చాలామంది ముందు మన మూడ్‌కి దగ్గరగా ఉన్న సంగీతంతో మొదలుపెట్టి, మెల్లగా మారుస్తారు. కాబట్టి దిగులుగా ఉంటే దిగులు పాటే వినండి. అదే పాటను తెల్లార్లూ తిప్పి తిప్పి వింటే మాత్రం పుండును గోక్కున్నట్టే.

‘432 హెర్ట్జ్‌తో మనశ్శాంతి’ అనే వీడియోలు ఇంకో గోల. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క. వాద్యాలను శ్రుతి చేసుకునే ‘ఎ’ (A) స్వరానికి 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సిఫార్సు చేసింది 440, ఈ వీడియోలవాళ్లు దాన్ని 432కి దించమంటారు. ఈ రెండింటి మధ్య తేడా అర స్వరంలో మూడో వంతు కూడా ఉండదు. అంతమాత్రానికే మనసు కుదుటపడితే ఇంకేం కావాలి!

ఏం వినాలో లిస్టు మాత్రం ఇవ్వను. నాకు నిద్ర పట్టించే పాట మీకు చిరాకు తెప్పించొచ్చు. మాటలుంటే నా బుర్ర వాటి వెంట పడుతుంది, అందుకే పడుకునే ముందు ఉత్త వాయిద్యాలే వింటాను, అదీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకుండా.