నీతో ఏం చేయించారో రాయి

బిడ్డా,

నువ్వు రాసి పంపిన ‘సాగరంలో నా తొలి రోజు’ వ్యాసం అందింది. మొదటిసారి చదివితే కోపమొచ్చింది. రెండోసారి చదువుతూ పాస్‌పోర్ట్ దగ్గర ఆగిపోయాను. అందుకే ఈ ఉత్తరం. లేకపోతే ‘బాగుంది, రాస్తూ ఉండు’ అని వాట్సాప్‌లో పెట్టి ఊరుకునేవాణ్ణి.

ముందు కోపం సంగతి. నాలుగు పేజీల్లో రెండున్నర పేజీలు సముద్రమే. అనంత నీలి జలరాశి, కెరటాల సంగీతం. మీ ఓడ కదిలింది జర్మనీలోని బ్రెమర్‌హావెన్ నుంచి. వేజర్ నది సముద్రంలో కలిసే చోటు అది. అక్కడి నీళ్లలో ఒండ్రు కలిసి ఉంటుంది. నీకు అంత నీలం ఎక్కడ దొరికింది? దేవరకొండలో మీ ఇంటి అరుగు మీద కూర్చున్నా ఆ నీలం రాయొచ్చు కదా, దానికి ఓడ ఎందుకు? ఇక మొదటి పేరా. ఓడ మీద దేశాలు తిరుగుతూ చదువుకునే మీ ప్రోగ్రాం, సెమిస్టర్ ఎట్ సీ, 1963లో మొదలైందని, కొలరాడో స్టేట్ యూనివర్సిటీ క్రెడిట్లు ఇస్తుందని చెప్పావు. నిజమే, కానీ అది బ్రోషర్ పని. దాన్ని కొట్టెయ్.

నాకొక పట్టుదల ఉంది, నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లకూ పిల్లాడికీ చెప్పి విసిగిస్తుంటాను. కొత్త చోట మొదటి రోజు గురించి రాసేటప్పుడు నీకేం కనిపించిందో రాయకు. నీతో ఏం చేయించారో రాయి. ఎక్కడ నిలబెట్టారు, చేతికేమిచ్చారు, నీ దగ్గర ఏం తీసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ల కళ్లకు ఏమీ ఆనదు, అన్నీ పోస్టర్లలాగే కనిపిస్తాయి. మన పాలమూరు నుంచి బొంబాయి పోయి వచ్చిన కూలీలతో నేను చాలా రాత్రులు మాట్లాడాను. ఊరు ఎంత పెద్దదో ఒక్కరూ చెప్పలేదు. తెల్లారకముందే అడ్డా మీద ఎక్కడ నిలబడాలో, మేస్త్రీ ముందు ఎవరి చేతులు చూస్తాడో చెప్పారు. బొంబాయి నాకు అలా అర్థమైంది.

ఇప్పుడు నీ డ్రిల్ సంగతి చూడు. ‘సాయంత్రం ఏదో సేఫ్టీ డ్రిల్ చేయించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అమ్మా, నీ మొదటి రోజంతా అక్కడే ఉంది! ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. లిఫ్ట్ ఎక్కొద్దంటారు. నారింజ రంగు జాకెట్ తగిలించుకుని, నీకు చెప్పిన చోటికే మెట్ల మీదుగా నడవాలి. జాకెట్‌కు ఒక విజిల్, ఒక చిన్న లైటు ఉంటాయి. ఆ విజిల్ చూసినప్పుడు నీకేమనిపించింది? పట్టీ నువ్వే బిగించుకున్నావా, ముక్కూమొహం తెలియని పిల్ల ఎవరైనా బిగించిందా? హాజరు పిలిచినప్పుడు నీ ఇంటిపేరు ఎట్లా పలికారు?

ఆ డ్రిల్ ఆ పూటే ఎందుకు పెడతారో తెలుసా? 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ బండకు గుద్దుకుంది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లకు డ్రిల్ ఇంకా కాలేదు, ఎందుకంటే 24 గంటల్లోగా చేయిస్తే చాలని అప్పటి రూలు. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదంటే కదిలిన వెంటనే చేయించాల్సిందే. నువ్వు బోర్ కొట్టిందని రాసిన ఆ అరగంట వెనక అంతమంది ఉన్నారు.

నా కుర్రతనంలో పంచదేవపహాడ్ దగ్గర పుట్టి ఎక్కి కృష్ణ దాటి కురుమగడ్డకు పోయాను. పుట్టి నడిపే ఆయన ఎక్కేవాళ్లను ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి కూర్చోబెట్టాడు. లావాటి షావుకారును ఇటు, నన్నూ ఒక ముసలమ్మనూ బియ్యం మూటనూ అటు. కాలు కదిలిస్తే తిట్టాడు. నీళ్ల వైపు చూసే తీరికే లేదు నాకు, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఆ మూటను పట్టుకున్నాను. అదంతా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు గారు పుట్టి ఆయనను, షావుకారును, మూటను తీసేసి, నేను చివర్లో మొహమాటానికి రాసిన సూర్యాస్తమయాన్ని మాత్రం బొమ్మతో సహా అచ్చేశారు. ఆయనకు కృష్ణ అంటే క్యాలెండర్. ఇప్పుడు క్యాలెండర్లు పోయి రీల్స్ వచ్చాయి, రుచి మాత్రం అదే. మీ బ్యాచ్ పిల్లలంతా డెక్ మీద చేతులు చాపి ఫొటో దిగి, కింద రెండు ముక్కలు రాసి ట్రావెల్ రైటర్లమంటున్నారు. సరే, అది వేరే రోకటి పాట.

పాస్‌పోర్ట్ దగ్గరికి వస్తాను. ఎక్కగానే ఓడవాళ్లు దాన్ని తీసుకున్నారని, రాత్రి పడుకునేదాకా బ్యాగు జిప్పు తీసి చేత్తో తడుముకుంటూనే ఉన్నావని రాశావు. ఆ వాక్యం నీది. దుబాయ్ పోయినవాళ్లున్న ఇళ్లలో ‘పాస్‌పోర్ట్ గుంజుకున్నారు’ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీ ఓడలో ఆ కారణం కాదు, రేవు రేవుకూ ఇమిగ్రేషన్ వాళ్లకు అందరివీ ఒకేసారి చూపించడానికి దగ్గర పెట్టుకుంటారు. కారణం తెలిసినా చెయ్యి ఆగలేదు చూడు, దాన్ని సాగదీయి. అడిగినవాళ్లెవరు, కౌంటర్ ఎంత ఎత్తు, ఇవ్వడానికి నువ్వెంత సేపు తటపటాయించావు, వెనక లైన్లో ఉన్నవాళ్లు ఏమన్నారు. అక్కడి నుంచే మొదలుపెట్టు. వాంతుల పేరా ఉంచుకో, కానీ అల్లం మురబ్బా చిట్కా తీసెయ్.

అన్నట్టు, ఫీజు ఎవరు కట్టారు? స్కాలర్‌షిప్పా, బ్యాంకు లోనా, పొలం కుదువ పెట్టారా? ఒక్క మాట కూడా లేదు. సిగ్గుపడి దాచావని నా అనుమానం.

పుస్తకం వేయాలా, పోటీకి పంపాలా అని అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను. తిరగరాసింది పంపేటప్పుడు పీడీఎఫ్ వద్దు, నా ఫోన్లో అక్షరాలు ఆనడం లేదు. వర్డ్ ఫైల్ పంపు, పద్దెనిమిది సైజులో.

మహబూబ్‌నగర్ నుంచి,
మీ నాన్న స్నేహితుడు