కారుకు బాడీ కిట్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నా స్విఫ్ట్ కారుకు బాడీ కిట్, అంటే ముందు లిప్ (ముందు బంపరు కింది అంచుకు తగిలించే ముక్క), సైడ్ స్కర్టులు (తలుపుల కింద అంచు వెంట వచ్చేవి), వెనుక డిఫ్యూజర్ (వెనుక బంపరు కింద అమర్చేది) పెట్టించాలని ఉంది. విడివిడిగా కొంటే చౌకగా వస్తున్నాయి. కొనవచ్చా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: విడివిడిగా కొనకండి. ముందు లిప్ అంచున మొదలైన గీత సైడ్ స్కర్టు మీదుగా వెనుక బంపరు వరకు తెగకుండా సాగితేనే కారు ఒకే చేతి పనిలా కనిపిస్తుంది కాబట్టి, మీ మోడల్‌కే చేసిన పూర్తి సెట్టును ఒకే తయారీదారు నుంచి తీసుకోండి. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన కిట్ దెబ్బ తగిలితే పగులుతుంది. పాలీయురేథేన్ అనే వంగే ప్లాస్టిక్‌తో చేసినదైతే వంగి తట్టుకుంటుంది. తరచూ తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేవారైతే, స్పీడు బ్రేకర్లకు రాసుకునేంత కిందికి దిగే లిప్ ఎంత అందంగా ఉన్నా నేను వద్దనే అంటాను. రంగు వేయించకముందే ముక్కలన్నీ కారుకు పెట్టి సందులు సరిచూడండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా మార్పులు చేయరాదు గనుక, చక్రాల తోరణాలను (చక్రాల పైన బాడీలో ఉండే వంపులను) వెడల్పు చేసే కిట్ల విషయంలో ముందుగా రవాణా కార్యాలయంలో అడగండి.