ఇత్తనం కాయలు వలిచే రాత్రి గురించి రాయమ్మాయ్

అమ్మాయ్,

నీ కథ అందింది. చదివినాను, కోపం వచ్చింది. మళ్ళా చదివితే ఒక్క తావ మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఆ రెండూ చెప్పాలనే ఈ ఉత్తరం.

కోపం ముందు చెప్తా. బెంగళూరులో ఉద్యోగం వదిలేసి, పెళ్ళి చెడిపోయి, నిద్రమాత్రలు లేనిది కన్ను మూతపడని పిల్ల పులివెందుల పక్క పల్లెకి అమ్మ దగ్గరికి వచ్చింది, సరే, అట్లా వచ్చే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊర్లోనూ ఉండారు, వాళ్ళ గురించి ఎవరో ఒకరు రాయాల్సిందే. కానీ వచ్చిన మర్సటి దినమే మిట్టమధ్యాన్నం చెప్పులు విడిచి చేన్లో నడిచిందని, మట్టి చల్లగా తగిలి గుండెల్లో బరువంతా దిగిపోయిందని రాసినావే, అది ఏ నెల? పైపేజీలో నువ్వే రాసినావు, ఊరగాయ పెట్టే దినాలని, రోహిణి కార్తె అని. రోహిణి ఎండలకు రోళ్ళు పగుల్తాయని మీ అవ్వ నోట ఎప్పుడూ వినలేదా? ఆ మిట్టమధ్యాన్నం ఎర్రనేల మీద ఉత్తకాలు పెడితే అరికాలు బొబ్బలెక్కుతాది, దానికి తోడు పల్లేరుకాయలు. మీ అమ్మ కూడా ఆ టైంకి చేన్లో ఉండదు. తెల్లారకముందే పోయి రాళ్ళు ఏరి గట్టున పోసి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుకుంటాది.

ఇంకోటి. జూన్ మొదట్లో మూడు దినాలు వదలకుండా ముసురు పట్టించినావు. అది కోస్తా కథల్లోంచి నీ కథలోకి కురిసిన వాన. నైరుతి మేఘం పడమటి కనుమల తావనే చాలావరకు కురిసేసి మన దగ్గరికి వట్టి గాలిగా వస్తాది, ఈశాన్యంది చూస్తే బంగాళాఖాతం పక్కనుండే వాళ్ళని తడిపినాకనే మన వంతు. అందుకే అనంతపురంలో ఏడాదంతా కలిపినా సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. జూన్‌లో మనకు పడేది ఒక్కో వాన, అదీ ఒక ఊర్లో పడి పక్కూర్లో పడకుండా పోతాది. వాన పడిన మర్నాడు చూడు, ముసలోళ్ళు చేన్లోకి పోయి చేత్తో మట్టి తవ్వి ఎంత లోతు తడిసిందో చూస్తారు, పిడికెడు తీసి గట్టిగా పిసికి చెయ్యి విప్పుతారు, ముద్ద నిలిస్తే ఇత్తే పదును, పొడిపొడిగా రాలిపోతే ఇంకో వానకి కాచుకోవాల. ఆ చెయ్యి విప్పే క్షణంలో మనిషి మొకంలో ఏముంటాదో నువ్వు రాసి ఉంటే నీకు ఆ మూడు దినాల ముసురుతో పని లేకపోవు.

ఇదంతా చాదస్తం అనుకోవద్దు. నేల తావ మనసు కుదుటపడతాదని నేనూ నమ్ముతా, నా బతుకంతా ఆ నమ్మకమే. కానీ నీ కథలో నేల ఒక ఫోటో మాదిరి ఉంది. ఆ పిల్ల దాన్ని చూస్తాది, వాసన పీలుస్తాది, వేపచెట్టుని కౌగిలించుకుంటాది, బాగైపోతాది. నేల ఆ పిల్లని ఏమీ అడగలేదు. ఊరికే చూసేవాళ్ళకి నేల ఇచ్చేది రోంత. చేతికి పని ఇచ్చినప్పుడే అది లోపలికి దిగుతాది.

నీ కథలో డాక్టరమ్మ చేత అమెరికా పరిశోధన చెప్పించినావు కదా, దాని సంగతి నాకూ తెలుసు. రోజర్ అల్రిచ్ అనే ఆయన 1984లో అచ్చు వేసినాడు, పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినోళ్ళలో కిటికీలోంచి చెట్లు కనపడినోళ్ళు, ఇటుక గోడ మాత్రమే కనపడినోళ్ళకన్నా తొందరగా ఇంటికి పోయినారని, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడినారని. నిజమే, కాదనను. కానీ వాళ్ళు మంచం మీద పడుకున్నోళ్ళమ్మా, వాళ్ళకి చూసేది తప్ప ఇంకేం చేతనవుతాది? మీ అమ్మ అట్లా కిటికీ తావ ఏ పొద్దూ కూర్చోలేదు. ఆమెకి నేలకి మధ్య కిటికీ లేదు.

ఇప్పుడు నా కళ్ళు తడిసిన తావు. "అమ్మ ఏమీ అడగలేదు. చాట నా ముందుకి జరిపింది." అంతే రాసినావు, రెండు చిన్న వాక్యాలు, తర్వాత బిరీన వేపచెట్టు దగ్గరికి ఉరికినావు. ఎందుకు ఉరికినావు? నీ కథ అంతా ఆ చాటలో ఉంది.

ఇత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశెనగ, వలిచేది నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, లేకపోతే ఆ చాట నీకు తట్టదు. కాయ ముక్కు తావ బొటనవేలితో నొక్కితే టప్పుమని పగలాల, గింజ మీద ఎర్రతోలు గీసుకుపోకూడదు, మొలక తావ చిట్లకూడదు, చిట్లితే అది మొలవదు. నొక్కిపోయినవి ఒక పక్కకి, బద్దలైనవి ఇంకో పక్కకి, అవి మర్నాడు ఊరిబిండి పచ్చడికి. రోంత సేపటికి బొటనవేలు ఎర్రగా వాస్తాది, మంట పుడతాది. ఆ మంట ఉన్నంతసేపు మనిషి ధ్యాసంతా ఆ వేలి కొసలోనే ఉంటాది. నెలల తరబడి నిద్రపోని పిల్ల మొదటిసారి వేరే ఏదీ తలుచుకోకుండా ఆ చాట ముందరే ఉంటాది కదా. అది రాయి.

మా వదిన సంగతి చెప్తా. మా అన్న కామెర్లు ముదిరి పోయినాడు, కళ్యాణదుర్గం పక్క మా ఊర్లో, ఎండాకాలం. కర్మాంతరాలు అయిపోయినాక బంధువులు ఎవరి దోవన వాళ్ళు పోయినారు, మా వదిన గమ్మునైపోయింది, నెలకి పైగా ఒక్క మాట లేదు, ఏడుపూ లేదు, ముందర గిన్నె పెడితే తింటాది, లేకుంటే లేదు. ఓదార్చేదానికి వచ్చినోళ్ళందరూ ఒకటే పాట, రాత అమ్మా, ఓర్చుకో అమ్మా అని. అదేం పని చెయ్యలేదు. తర్వాత కాయలు వలిచే దినాలు వచ్చినాయి. ఇరుగుపొరుగు ఆడోళ్ళు ఎవరి చాట వాళ్ళు చంకన పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు, మా మూట ఇప్పినారు, ఒక చాట వదిన ముందర పెట్టినారు. ఎవ్వరూ ఆమెని ఓదార్చలేదు. ఏ అంగడిలో ఎరువు రేటు ఎంత, ఎవరి కూతురికి నెల తప్పింది, ఇవే మాటలు. కొన్ని రాత్రుల తర్వాత వదిన చేతులు ఆడిస్తానే, తల ఎత్తకుండానే, "ఆయప్పకి ఈ టీఎంవీ-2 ఇత్తనం అంటేనే గురి" అనింది. అన్న గురించి ఆమె నోటెంట వచ్చిన మొదటి మాట అది. ఎవరూ ఉలిక్కిపడలేదు, అవునక్కా అన్నారు, కాయలు వలుస్తానే ఉన్నారు.

ఆరుద్ర వాన అదను వాన అంటారు, ఆ ఏడు ఆరుద్రలోనే పడింది. ఇత్తనం వేసే గొర్రుకి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినారు, మొదటి పిడికెడు ముత్తైదువ చేతనే వేయించాలని పెద్దోళ్ళు పట్టుబట్టినారు. మా అమ్మ ఏ పొద్దూ మగోళ్ళకి ఎదురు మాట్లాడని మనిషి, ఆ దినం మాత్రం "ఆ చేను దానిది, దాని చెయ్యే పడాల" అనేసింది. వదిన గొర్రు ఎనక నడుస్తా దాని జడ్డిగం గిన్నెలో గింజలు వదుల్తా ఉంటే నీళ్ళు కారిపోతా ఉన్నాయి, తుడుచుకునేదానికి చెయ్యి ఖాళీ లేదు, ఎద్దులు నిలబడవు కదా. సాలు చివరిదాకా అట్లనే నడిచింది. దైవం, భక్తి అని నువ్వు కథ చివర శానా రాసినావు, కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి తావ గంటలకొద్దీ కూర్చున్నా నాకు కలగని నెమ్మది ఆ దినం ఆ సాలు పక్కన నిలబడితే కలిగింది.

పంట పండిందా అంటావేమో. పండలేదు. పసుపు పూత బాగానే పూసింది, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే యాలకి వాన మొకం చాటేసింది, నేల గట్టిపడిపోతే ఊడ ఎట్లా దిగుతాది? మిగిలింది గొడ్లకి కట్టె, మాకు అప్పు. అయినా మా వదిన మళ్ళా ఆ చీకట్లోకి పోలేదు. నీ కథ చివర పిల్ల బాగుపడింది, చేను పండింది, వాన పడింది, మాజీ మొగుడు కూడా ఫోన్ చేసినాడు. అన్నీ ఎందుకమ్మా? చేను ఎండిపోనీ. చేను ఎండినా ఆ పిల్ల తెల్లారి లేచి అమ్మ ఎంబడి పోతే నేను నమ్ముతా.

మా వదిన కథ రాసి ఒక వారపత్రికకి పంపినా అప్పట్లో. ఆ ఎడిటర్ ఆఫీసుకి నేనే పోయినా, రాత్రంతా బస్సులో. ఆయన కాయితాలు తిప్పి "అన్న కామెర్లతో పోయినాడు అంటే ఎట్లా, పురుగుమందు తాగినట్టు మార్చు, సీమ కథ అంటే కరువన్నా ఉండాల, బాంబులన్నా ఉండాల" అన్నాడు. మా అన్న చావుని ఆయనకి కావాల్సినట్టు మార్చమన్నాడు. కాయితాలు తీసుకుని వచ్చేసినా, ఆ కథ ఇప్పటికీ అచ్చు కాలేదు. మన నేలకి ఏడుపు తప్ప ఇంకేం రాదని వాళ్ళు ఎన్నేళ్ళు రాయించినారో, ఇప్పుడు వచ్చినోళ్ళు దానికి తిరగేసి, నేల అంటే స్పా, మట్టి అంటే థెరపీ, వీకెండ్ ఫార్మ్‌లో నాలుగు ఫోటోలు, దానికో కథ, దానికి బహుమతులు. రెండు రకాలోళ్ళూ మా వదిన తావ అరగంట కూర్చున్నోళ్ళు కారు. నువ్వు వీళ్ళిద్దరి ఎనకా పోవద్దు, గట్టిగా చెప్తున్నా.

నేలకీ జబ్బు చేస్తాదని కూడా నీ కథకి తెలియాల. ఏండ్ల తరబడి ఒకే చెనిక్కాయ వేసి, కంది, కొర్ర, అలసంద, అనప అన్నీ పక్కన పెట్టి, బోరు మీద బోరు దింపి ఈ ఎర్రనేలని మనమే పీల్చేసినాం. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొందరు ఎందుకూ పనికిరాదన్న 32 ఎకరాలు కొని, టింబక్టు అని పేరు పెట్టుకుని, అక్కడే కాపురం ఉండి కాపాడుకుంటా వచ్చినారు. తర్వాత చుట్టుపక్క ఊర్లోళ్ళతో కలిసి కల్పవల్లి గుట్టల్ని కూడా మంటలు రాకుండా కాచినారు, పచ్చదనం మళ్ళా లేచింది. ఒకసారి పోయి చూసిరా. నీ పిల్ల నేల తావ మందు తీసుకునేదే గానీ నేలకి తను ఏం చేసిందో నీ కథలో ఒక్క ముక్క లేదు. కనీసం అమ్మతో పోయి రాళ్ళన్నా ఏరించు.

ఏ పత్రికకి పంపాల, మాండలికంలో రాస్తే తీసుకుంటారా, పుస్తకం వేస్తే ఎంత ఖర్చని అడిగినావు. అవన్నీ ఇప్పుడొద్దు. మొదటి మూడు పేజీలు కొట్టేయ్, డాక్టరమ్మని తీసేయ్, వేపచెట్టుని దాని మానాన దాన్ని వదిలేయ్. చాట జరిపిన తావ మొదలుపెట్టు, ఆ అరుగు మీద ఇంకా ఎవరెవరు కూర్చున్నారో, ఏమేం మాట్లాడుకున్నారో, మీ అమ్మ బొటనవేలు ఎట్లా ఉందో రాయి. మీ అమ్మని అడుగు, ఆమె ఎప్పుడు ఎవరి కోసం ఆ పని చేస్తా ఏడ్చిందో, తప్పకుండా చెప్తాది. అడిగేటప్పుడు ఫోన్ రికార్డింగ్ పెట్టొద్దు, నువ్వూ ఒక చాట ముందరేసుకుని కాయలు వలుస్తా అడుగు. రాసినాక ప్రింట్ తీసి పోస్టులో పంపు, అక్షరాలు రోంత పెద్దగా పెట్టించు.

ఉంటా తల్లీ. మీ అమ్మని అడిగినానని చెప్పు.