వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వారియర్ టాంట్ (శత్రువుని తన మీదకు లాక్కునే స్కిల్) వేసినా మాబ్ (గేమ్ నడిపే శత్రువు) మళ్లీ మేజ్ (దూరం నుంచి మంత్రాలతో కొట్టే ఆటగాడు) మీదకే ఎందుకు వెళ్తోంది?

టాంట్ వేసి ఊరుకుంటే సరిపోదు కాబట్టి. ఈ గేమ్‌లో ప్రతి మాబ్ దగ్గరా కనిపించని పద్దు ఒకటి నడుస్తుంటుంది: తనని ఎవరు ఎంత కొట్టారు, తనతో పోరాడేవాళ్లకి ఎవరు ఎంత హీల్ చేశారు (ప్రాణశక్తి నింపారు) అని. దాన్నే థ్రెట్ అంటారు. అయితే ట్యాంక్‌ని (దెబ్బలు తన మీద వేసుకునే ఆటగాడు, ఇక్కడ వారియర్) థ్రెట్‌లో కాస్త దాటగానే మాబ్ తిరగదు. దగ్గర నుంచి కొట్టేవాళ్లు ట్యాంక్ థ్రెట్‌లో 110 శాతం, దూరం నుంచి కొట్టేవాళ్లు 130 శాతం దాటాలి.

టాంట్ వేయగానే వారియర్ థ్రెట్ పట్టికలో అందరికన్నా పైన ఉన్నవాళ్లతో సమానమవుతుంది. మాబ్ 3 సెకన్లు అతన్నే కొట్టి తీరాలి. కానీ టాంట్‌తో దెబ్బ పడదు. ఆ కాస్త వ్యవధిలో షీల్డ్ స్లామ్ లాంటి దెబ్బలు వేసి తేడా పెంచుకోకపోతే, మేజ్ ఆగకుండా కొడుతూనే ఉంటే, మాబ్ మళ్లీ జారిపోతుంది. మీ పార్టీలో బహుశా ఇదే జరుగుతోంది. తప్పు సగం మేజ్‌దే!

అప్పటికే మీ థ్రెట్ అందరికన్నా ఎక్కువుంటే టాంట్ దండగ. అందుకే ఫైట్ మొదట్లోనే వాడేయకండి, జారిపోయిన మాబ్ కోసం దాచుకోండి. గుంపుని పట్టడానికి చుట్టూ ఉన్న మాబ్‌లని ఒకేసారి కొట్టే థండర్ క్లాప్ మేలు.

పెద్ద జట్టుతో ఆడే రెయిడ్లలో బాస్ వేసే డీబఫ్ (బలహీనపరిచే ప్రభావం) మొదటి ట్యాంక్ మీద పేరుకుపోతే రెండో ట్యాంక్ టాంట్ వేసి బాస్‌ని తన మీదకు లాక్కుంటాడు. అప్పుడు మొదటివాడు కాసేపు దూకుడు తగ్గించాలి.