గ్వాంటనామోలో కాపురమా? కందిపప్పు కట్టుకుని వెళ్ళు

చెల్లెమ్మా, "జైలు పక్కన కాపురమేమిటి?" అని మీ అత్తగారు దిగులు పడుతున్నారన్నావు. నేను వెళ్ళేటప్పుడు మా ఇంట్లోనూ ఇదే రభస. ఆవిడకు ఇలా చెప్పు: క్యూబా ఆగ్నేయ మూలన ఉన్న గ్వాంటనామో నౌకా స్థావరం 45 చదరపు మైళ్ళ జాగా, 1903 నుంచి అమెరికా లీజులో ఉంది. ఉగ్రవాద అనుమానితులను ఉంచే ఆ జైలు వచ్చింది 2002లో. ఆ వైపు మనల్ని రానివ్వరు, ఫోటోలు అసలే తియ్యనివ్వరు. మిగిలినదంతా బడి, ఆసుపత్రి, చర్చి, మెక్‌డొనాల్డ్స్, రాత్రిళ్ళు ఆరుబయట సినిమా ఉన్న చిన్న ఊరు. చాలా చోట్ల కారు గంటకు 25 మైళ్ళు దాటితే పట్టుకుంటారు. కంచె దాటి క్యూబా చూసొద్దామనే ఆశ మాత్రం ఇక్కడే వదిలెయ్.

కొబ్బరిచెట్లు, పచ్చదనం ఊహించుకోకు. అనంతపురం పక్కకు సముద్రాన్ని తెచ్చిపెట్టినట్టుంటుంది: ఎండ, ముళ్ళపొదలు, జెముడు. కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళే. 1964లో క్యూబా అధినేత కాస్ట్రో స్థావరానికి నీళ్ళు ఆపేశాడు. పైగా "అమెరికావాళ్ళు ఇంకా మా నీళ్ళు దొంగిలిస్తున్నారు" అని క్యూబా నింద వేస్తే, అప్పటి స్థావరం అధిపతి అయిన అడ్మిరల్ గొట్టాన్నే కోయించి, చుక్క రావడం లేదని పత్రికలవాళ్ళకు చూపించాడు. వెళ్ళిన వారంలోనే నీకూ ఎవరో ఒకరు ఈ కథ చెప్తారు.

ఇక వంటిల్లు. అసలు బెంగ అక్కడే. సామాన్లు కొనడానికి ఉన్నది ఒక్క పెద్ద కొట్టు. సరుకు చాలావరకు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నుంచి బార్జి అనే సరుకుల పడవ మీద రావాలి. అది ఆలస్యమైతే కూరగాయల అరలు బోసిపోతాయి, వచ్చిన రోజు జనం జాతరే. అందుకని కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఇంగువ, కారం ముందే పెట్టెల్లో సర్దుకో. మిలిటరీ పోస్టుకు అమెరికాలోపలి ధరే పడుతుంది కానీ, చేరడానికి నిదానం. ఆ చిరునామాకు పంపబోమనే ఇండియన్ కొట్లూ ఉంటాయి, ముందే అడిగి పెట్టుకో. ఆవకాయ సీసాని రెండు కవర్లలో బిగించి పంపమను, నూనె కారితే పార్సెల్ ఆపేస్తారు. కరివేపాకు మొక్క జోలికి పోకు, ఎండబెట్టిన ఆకు చాలు.

పప్పు అయిపోతే జమైకావాళ్ళని పలకరించు. స్థావరంలో పనిచేసేవాళ్ళలో వాళ్ళూ ఫిలిప్పీన్స్‌వాళ్ళూ చాలామంది. జమైకావాళ్ళు గుంగో పీస్ అనేవి మన కందులే. క్రిస్మస్‌కు కొబ్బరిపాలు పోసి అన్నంలో వండుతారు. 1845 నుంచి మన దేశపు కూలీలు ఓడల్లో జమైకాకు వెళ్ళారు కదా, జమైకావాళ్ళ మేక కూరలో పసుపు, జీలకర్ర వాసన ఆ చలవే. నాకు అక్కడ దొరికిన మంచి స్నేహాలన్నీ ఈ వంటల ఇచ్చిపుచ్చుకోవడాల్లో కలిసినవే. తెలుగువాళ్ళ కోసం వెతుక్కుంటూ కూర్చుంటే మాత్రం ఒంటరిదానివైపోతావు.

పెరటి తోటకు శత్రువు హుటియా అనే పెద్ద ఎలుకలాంటి జంతువు. అక్కడివాళ్ళు బనానా ర్యాట్ అంటారు. పిల్లి అంత ఉంటుంది, చీకటిపడితే వచ్చి మెంతికూర మొలకలు మొదలంటా మేసిపోతుంది. కుండీలు వలలో పెట్టుకో. ఇగువానాలనే పెద్ద బల్లులు రోడ్డు మధ్యలో ఎండ కాచుకుంటుంటాయి, వాటిని తొక్కిస్తే భారీ జరిమానా. హారన్ కొట్టినా కదలవు, అవి లేచేదాకా మనమే ఆగాలి.

అమ్మానాన్నల్ని ఆరు నెలలు పిలిపించుకుందామనుకుంటే అది అమెరికాలో, ఏ టెక్సస్‌లోనో అయ్యే పని. గ్వాంటనామోకు ఎవరు రావాలన్నా స్థావరం అధికారుల అనుమతి కావాలి. నీది గ్రీన్‌కార్డయితే, అక్కడ గడిపే కాలం సిటిజన్‌షిప్ లెక్కలో ఎలా పడుతుందో బయల్దేరకముందే లాయర్ని అడుగు. అది అమెరికా నేల కిందకు రాదు, తిరిగెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు చూపించాలి.

జూన్ నుంచి నవంబరు ఆఖరు దాకా తుపాను సంచీ సిద్ధంగా ఉంచుకో. 2016లో మాథ్యూ తుపాను వచ్చినప్పుడు కుటుంబాలను విమానాల్లో ఫ్లోరిడాకు తరలించారు.

విమానం దిగేది లీవర్డ్ వైపు, ఇళ్ళుండేది విండ్‌వర్డ్ వైపు. మధ్యలో సముద్రపు ఖాడీ, ఫెర్రీ ఎక్కాలి. పిల్లల తిండి చేతిసంచీలోనే పెట్టుకో. దిగాక, బదిలీ మీద వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర పాత కారు కొనుక్కోండి. తుప్పు చూసి వెనక్కి తగ్గకండి, ఆ ఉప్పుగాలికి అన్నీ అంతే. ఏసీ పనిచేస్తే చాలు, బేరం కుదుర్చుకోండి.