ఆరో తరగతి సీటుకు వెళ్లి పదో తరగతి గురించి అడుగు

సుధా,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మిగతా పిల్లల్లా చదువు అందుకోలేని మనవాడికి ఆరో తరగతి సీటు కోసం మూడు స్కూళ్లు తిరిగాం పెద్దమ్మా, ఒక్కరూ కాదనలేదు, ఔననీ అనలేదు అన్నావు. "మేమే ఫోన్ చేస్తాం" అన్నారంటే కాదన్నట్టే. వాళ్లను పట్టుకుని వేలాడకు. నేను వేలాడి చూశాను.

మావాడు, మీ అన్నయ్య, అలాంటి పిల్లాడే కదా, వాడి సంగతి నీకు సగమే తెలుసు. ఆరో తరగతికి వాడిని బాగా పేరున్న స్కూల్లో వేశాం. తార్నాక నుంచి స్కూలు బస్సులో గంట ప్రయాణం. ప్రిన్సిపాల్ మేడమ్ నా చెయ్యి పట్టుకుని "మాకు పిల్లలంతా ఒకటేనండీ" అంది. కరిగిపోయాను. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే లేచి వచ్చేస్తాను. అందరూ ఒకటే అయితే మనవాడికి వేరేగా చెప్పేదెవరు? మూడేళ్లు ఫీజు కట్టించుకున్నారు. తొమ్మిదిలో హాఫ్ ఇయర్లీ అయ్యాక పిలిచి, "టీసీ తీసుకుని ఓపెన్ స్కూల్లో రాయించండి, బాబుకే మంచిది" అన్నారు. బాబు మంచి ఎవడికి కావాలి, వాళ్ల వంద శాతం రిజల్ట్ చెడకూడదు, అంతే.

అందుకే నువ్వు ఆరో తరగతి సీటుకు వెళ్లినా అడగాల్సింది పదో తరగతి గురించి. "ఇలాంటి పిల్లలు మీ దగ్గర కిందటేడు పది ఎంతమంది రాశారు? పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌ను మీరు ఏర్పాటు చేశారా, తల్లిదండ్రులే తెచ్చుకున్నారా?" అని అడుగు. చేసినవాళ్లయితే తడుముకోకుండా చెప్తారు. చెయ్యనివాళ్లు నిన్ను స్విమ్మింగ్ పూల్ దగ్గరికి తీసుకెళ్తారు.

సీబీఎస్ఈ అయితే స్క్రైబ్ ఇస్తారు, మూడు గంటల పేపరుకు గంట ఎక్కువ ఇస్తారు, మూడో భాష నుంచి మినహాయింపు ఉంది. ఎస్సెస్సీ బోర్డులోనూ సడలింపులున్నాయి. ఎక్కడైనా సరే, కాగితాలు కదలాల్సింది స్కూలు నుంచే. అవెలా పంపాలో తెలియని స్కూలైతే ఆ సడలింపులు ఉన్నా లేనట్టే. నీ వైపు నుంచి వైకల్య సర్టిఫికెట్ సిద్ధంగా ఉండాలి. దానికి దరఖాస్తు పెట్టమని అల్లుడికి ఈ వారమే చెప్పు. పిల్లాడికి ఐదేళ్లప్పుడు తీయించిన రిపోర్ట్ ఇప్పుడు పనికిరాదు. బోయిన్‌పల్లి వైపు మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ ఉంది, ఎన్‌ఐఈపీఐడీ. మా రోజుల్లో ఎన్‌ఐఎమ్‌హెచ్ అనేవాళ్లం. అక్కడ మళ్లీ పరీక్ష చేయించు.

రిపోర్ట్ దాచి సీటు తెచ్చుకుందామని అత్తయ్యగారు అంటున్నారన్నావు. వద్దు. జూన్‌లో దాస్తే ఆగస్టులో బయటపడుతుంది, అప్పుడు మాట పడాల్సింది నువ్వే. అలాగని మొదటి రోజే ఐక్యూ అంకె ఉన్న పేజీ టేబుల్ మీద పరచకు. ఆ అంకె చూశాక పిల్లాడి ముఖం చూసేవాళ్లు తక్కువ. ఒక కాగితం మీద వాడికి ఏం వచ్చు, దేనికి బెదురుతాడు, బెదిరితే ఎలా సర్దుకుంటాడు, ఈ మూడూ నీ చేత్తో రాసి ఇవ్వు. మిగతా ఫైలు స్పెషల్ ఎడ్యుకేటర్‌కు, అంటే ఇలాంటి పిల్లలకు చెప్పే టీచర్‌కు, చూపించు. ఆమెకు ఆర్‌సీఐ (ఈ టీచర్లను నమోదు చేసే కేంద్ర మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడుగు. కొన్నిచోట్ల ఇంగ్లీష్ టీచర్‌కే ఆ బోర్డు తగిలిస్తారు. క్లాసులో వాడి పక్కనే ఉండే షాడో టీచర్ కావాలంటే జీతం ఎవరిస్తారో కూడా అప్పుడే తేల్చుకో.

స్కూలు చూడ్డానికి వాళ్లు రమ్మన్న టైముకు ఒకసారి వెళ్లు, లంచ్ టైముకు ఇంకోసారి. మీ అన్నయ్యకు రెండో స్కూలు అలాగే దొరికింది. రెండంతస్తుల పాత ఇల్లు, గేటు దగ్గర వేపచెట్టు, చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. నేను కుళాయిల దగ్గర నిలబడి ఉన్నాను. గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు ఆయా క్లాసులోకి వెళ్లి ఒక పిల్లాణ్ణి వేలు పట్టుకుని వెనక పెరట్లోకి తీసుకెళ్లింది. గంట మోగి, పిల్లలందరూ బయటపడి, గోల కాస్త సద్దుమణిగాక మళ్లీ తీసుకొచ్చింది. అడిగితే, "ఆ చప్పుడు పడదమ్మా వాడికి, చెవులు మూసుకుని కూలబడతాడు" అంది. ఎవరు చెప్పారంటే, "చెప్పాలా?" అని నవ్వింది. నేను ఫీజు ఎంతో కూడా అడగలేదు. (మీ పెదనాన్న అడిగారులే, తర్వాత.)

ఆ స్కూల్లోనే ఉంటూ మీ అన్నయ్య ఎన్‌ఐఓఎస్‌లో, అంటే కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్లో, పది రాశాడు, రెండేసి సబ్జెక్టుల చొప్పున. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు కాబట్టి టెన్షన్ పడలేదు. ఓపెన్ స్కూలును నేను తిట్టడం లేదు. మనమై ఎంచుకుంటే అది మంచి దారే. వాడిని గెంటడానికి ఇంకొకరు దాన్ని వాడుకోవడమే నాకు పడలేదు.

ఇంకోటి. మీ వీధి చివర ప్రభుత్వ హైస్కూలు కూడా చూసిరండి. అల్లుడు ముఖం చిట్లిస్తాడని తెలుసు. మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో, అక్కడి ప్రత్యేక టీచర్ (ఐఈఆర్పీ అంటారు) ఆ స్కూలుకు వారంలో ఎన్నిసార్లు వస్తారో కనుక్కోండి. వికలాంగుల హక్కుల 2016 చట్టం ప్రకారం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా దగ్గర్లోని స్కూల్లో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. కాదంటే ఆ మాట గట్టిగా చెప్పు. కానీ ప్రైవేటు స్కూలుతో పోట్లాడి సీటు తెచ్చుకోవాలని మాత్రం నేను అనను. రేపు ఆ బెంచీలో ఒంటరిగా కూర్చోవాల్సింది వాడు.

ఖాయం చేసేముందు వాడిని ఒక పూట అక్కడ కూర్చోబెట్టమని అడుగు. ఇంటికొచ్చాక ఎలా ఉందిరా అని గుచ్చి గుచ్చి అడగొద్దు, చెప్పడు. టిఫిన్ డబ్బా తెరిచి చూడు. తిన్నాడంటే కాస్త కుదురుకున్నట్టే.

శనివారం పొద్దున్నే వస్తాను. రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టి, మూడేసి జిరాక్సులు తీయించి ఉంచు. వాడికి పులిహోర తెస్తున్నాను, పల్లీలు లేకుండా.

మీ పెద్దమ్మ