గుర్తును చివరగా చూడు

చిరంజీవి సునందకు పెదనాన్న ఆశీస్సులు.

లండన్‌లో పాత చైనా పింగాణీ కొని అమ్మే వ్యాపారంలోకి దిగుతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు గర్వపడ్డాను. ఉన్న ఉద్యోగం మానేస్తున్నావని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. చేసేముందు పెద్దవాడినొకణ్ణి అడగాలని తోచలేదా తల్లీ?

పాత్ర అడుగున, ఏ చక్రవర్తి కాలంలో చేశారో చెప్పే ఆరక్షరాల చైనా గుర్తును కుడివైపు వరుసతో మొదలుపెట్టి పైనుంచి కిందికి చదవాలని నీకు తెలుసు. దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది కాబట్టి, ఇంగ్లీషులో ‘చైనా’ అని రాసి ఉన్నవి సాధారణంగా 1891 తరువాతివి. ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది.

నా భయం మీ బాబాయి చేసిన పొరపాటు గురించి. ఒక పాత ఇంటి సామాను వేలంలో ఆయన నీలిరంగు బొమ్మల పళ్ళెం ఒకటి కొన్నాడు. దాని అడుగున చైనా మింగ్ వంశపు చక్రవర్తి చెంగ్‌హువా పేరు ఉంది. ఆయన పాలన 1465 నుంచి 1487 వరకు. పళ్ళెం అంత పాతది కాదని తేలగానే, గుర్తు అబద్ధమైతే వస్తువూ దొంగదేనని తీర్మానించి, వంటింటి పళ్ళాలతో కలిపి అమ్మేశాడు. కొన్నవాడు గుర్తు జోలికి పోకుండా అడుగు అంచును వేలితో తడిమి, సన్నని తెల్లమట్టిని, స్వచ్ఛమైన నీలాన్ని చూసి, అది మింగ్ తరువాతి చింగ్ వంశపు చక్రవర్తి కాంగ్షీ (1662–1722) కాలపు పని అని గ్రహించాడు. 1677లో, పింగాణీ తయారీకి పేరుపొందిన జింగ్‌దెజెన్ ఊరి అధికారి ఒకరు, కుండ పగిలితే చక్రవర్తి పేరుకు అపచారమని, పాత్రలపై కాంగ్షీ పేరు రాయవద్దని ఆజ్ఞాపించాడు. అందుకే కుమ్మరులు కొన్నిటిపై ఖాళీ జంట వలయాలు, కొన్నిటిపై ఆకు బొమ్మ వేశారు. పాతవారి మీది గౌరవంతో మింగ్ చక్రవర్తుల పేర్లు రాయడమూ అప్పట్లో మామూలే. ఆ పళ్ళెం మాట ఎత్తితే మీ బాబాయి భోజనం మధ్యలోనే లేచిపోయేవాడు, పాపం. నేనూ ఎత్తడం మానేశాను.

ఇందుకు తలకిందులైన మోసమూ ఉంది. 1875–1908 మధ్య చక్రవర్తి గ్వాంగ్షూ పాలనలో కాంగ్షీ పేరుతో బోలెడు పాత్రలు చేశారు. కనుక ముందు మట్టి, తరువాత అడుగు అంచు, గాజుపూత, నీలం, బొమ్మ గీసిన చేయి. ఇవన్నీ ఒక కాలాన్ని చెప్పాకే గుర్తు చదువు. వాడుకతో పడ్డట్టు కనిపించే గీతలు అన్నీ ఒకే దిశలో, ఒకే లోతులో ఉంటే ఎవరో కావాలని రుద్దారని అనుమానించు. గాజుపూత లేని అంచుకు టీ నీళ్ళతో మురికి పట్టించేవారూ ఉన్నారు. కూజాను మెడ పట్టి ఎత్తకు. పాత అతుకు ఉంటే అక్కడే ఊడుతుంది, ఆ నష్టం నీ నెత్తినే పడుతుంది.

మొదటిది కొనేముందు డబ్బు చెల్లించకుండా ఫొటోలు పంపు. గుర్తు ఒక్కటే తీసి పంపితే కోప్పడతాను. అడుగు అంచు పక్కనుంచి, పగటి వెలుగులో, స్పష్టంగా కనబడాలి.

మీ పెదనాన్న